కాలిన కొండ కింద మేమున్నాం: అటవీ, వాతావరణ, విపత్తు నిర్వహణ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

ముందుగా మంటలు ఆర్పిన సిబ్బందికి చేతులెత్తి దండం పెడుతున్నాం. ఊపిరాడని పొగలో రాత్రింబవళ్లు కొండ మీదే ఉండి, నిప్పు మా ఇళ్ల దాకా రాకుండా ఆపారు. ఆ మేలు మరచిపోం. అయితే ఈ ఉత్తరం మంటల గురించి కాదు. మంటలు ఆరాక పడబోయే వాన గురించి.

ఇదే విషయం మీద మీకు మూడుసార్లు రాశాం. మొదటిసారి, మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చాయి, ఆందోళన పడొద్దని జవాబొచ్చింది. మేం అడిగింది అది కాదు. రెండోసారి ఇంకో కార్యాలయానికి రాస్తే, వరద భయం నది ఒడ్డున ఉన్నవాళ్లకు గానీ మీ పక్కనున్నది ఎండువాగే కదా అన్నారు. మూడో ఉత్తరం ఒక శాఖ నుంచి మరో శాఖకు వెళ్లిందని మాత్రం తెలిసింది. అక్కడి నుంచి దాని సంగతేమైందో చెప్పేవాళ్లు లేరు. వానలు దగ్గర పడుతున్నాయి. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ పెడుతున్నాం.

మంట ఆరిన మూడో వారంలో అనుమతి తీసుకుని, ఫారెస్టు వాచర్ ఒకాయన తోడు రాగా, మేం నలుగురం కొండెక్కాం. ముందు రాత్రి చిన్న జల్లు పడింది. పైన బూడిద తడిసి అట్టకట్టి ఉంది. వేలితో గీరితే గోరంత లోతు వరకే తడి. దాని కింద మట్టి పొడిపొడిగా, వానన్నదే ఎరగనట్టు ఉంది. ఆ పొడి మట్టిని కాస్త చదును చేసి సీసాలోంచి నాలుగు చుక్కలు వదిలాం. తామరాకు మీద నీటిబొట్లలా గుండ్రంగా నిలబడ్డాయి. మాలో ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టారు. నిమిషం దాటినా చుక్క ఇంకలేదు. వేలితో కదిపితే పల్లం వైపు దొర్లిపోయింది. మంట తగలని పక్క గుట్ట మీద అదే పని చేస్తే చుక్క పడ్డచోటే మాయమైంది. చుక్క ఇంకడానికి ఐదు సెకన్లు దాటిందంటే ఆ మట్టి నీటిని తిప్పికొడుతున్నట్టు లెక్క. నేల శాస్త్రం చదివినవాళ్లు బయటికెళ్లి చేసే పరీక్ష కూడా ఇదే. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, సీసా, ఫోను చాలు.

ఎందుకిలా అవుతుందో మీకు తెలియంది కాదు. చదివేవాళ్లందరికీ తెలియాలని రాస్తున్నాం. ఆకులు, కొమ్మలు కాలేటప్పుడు వాటిలోని మైనంలాంటి పదార్థాలు ఆవిరవుతాయి. అందులో కొంత మట్టిలోకి దిగి, లోపల చల్లగా ఉన్న రేణువులకు పూతలా పట్టుకుంటుంది. మట్టి సుమారు 175 నుంచి 270 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిన చోట ఈ పూత గట్టిపడుతుంది. వేడి దానికన్నా బాగా ఎక్కువైతే పూత కూడా కాలిపోతుంది. అందుకే నల్లగా ఉన్న చోటల్లా ఒకటే అనుకోలేం, దిగి తవ్వి చూడాల్సిందే. పోనీ ఈ పూతే అన్నిటికీ కారణమా అంటే అదీ కాదు. వాన దెబ్బను ముందు కాచేది కొమ్మలు, ఆ తర్వాత నేల మీద పరుపులా పడుండే రాలిన ఆకులు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు కదా, ఇక్కడ ఆకులే కాలిపోయాయి. చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. సన్నటి బూడిద నేలలోని రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇంకాల్సిన నీళ్లు ఇంకకుండా జారతాయి. జారేటప్పుడు వేలెడు చాళ్లు తీస్తాయి, ఆ చాళ్లు కలిసి గండ్లవుతాయి. వాగులోకి వచ్చేసరికి అవి నీళ్లుగా ఉండవు. మట్టి, బూడిద, కాలిన మొద్దులు, బండరాళ్లు కలిసిపోయి, కలిపిన కాంక్రీటు ముద్దలా దూసుకొస్తాయి. కారంత బండను కూడా ఆ ముద్ద మోసుకురాగలదు.

మంట ఆర్పడం ఒక శాఖ పని. వాన లెక్కపెట్టడం ఇంకో శాఖ పని. వరదొచ్చాక పడవలు, మందులు పంపడం మరో శాఖ పని. ఈ మధ్యలో కాలిన కొండను కనిపెట్టి ఉండటం మాత్రం ఎవరి పనీ కాదు. దాన్ని ఎవరో ఒకరి పనిగా చేయమనే మేం అడుగుతున్నాం. ఎందుకు అడుగుతున్నామో కింద వరసగా రాశాం.

1. మీరు లెక్కపెట్టే వాన వేరు, మమ్మల్ని ముంచే వాన వేరు.

రోజు మొత్తం మీద ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్న లెక్క పంటలకు, చెరువులకు పనికొస్తుంది. కాలిన కొండ విషయంలో చూడాల్సింది 15 నిమిషాల వాన. అమెరికాలో భూగర్భ పరిశోధన సంస్థ యూఎస్‌జీఎస్ కాలిన ప్రాంతాలకు వేసే ముప్పు మ్యాపుల్లో సాధారణంగా పెట్టుకునే వాన, గంటకు 24 మిల్లీమీటర్ల వేగంతో 15 నిమిషాలు పడేది. లెక్క కడితే ఆ పావుగంటలో పడేది 6 మిల్లీమీటర్లే. గొడుగు మరిచి బయటికెళ్లినవాళ్లు చొక్కా తడిసిందని విసుక్కునేంత వాన. రోజు లెక్కలో దాన్ని తేలికపాటి వర్షమనే రాస్తారు. అంత చిన్న వాన కూడా, నిటారుగా ఉండి గట్టిగా కాలిన వాలును కదిలించగలదు.

కాలిఫోర్నియాలోని మాంటెసీటోలో ఏం జరిగిందో చూడండి. 2017 డిసెంబరులో మొదలైన థామస్ కార్చిచ్చు 2 లక్షల 80 వేల ఎకరాలకు పైగా తగలబెట్టింది. అది పూర్తిగా ఆరిందని ఇంకా ప్రకటించనే లేదు, 2018 జనవరి 9 తెల్లవారుజామున ఆ కొండల మీద వాన పడింది. ఒకచోట ఐదు నిమిషాల్లో అర అంగుళం దాటింది. బురద, బండలు ఊరి మీద పడి 23 మంది చనిపోయారు. 400కు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. మంట పూర్తిగా ఆరకముందే వరద వచ్చి పడిందన్నమాట. మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చాయన్న మీ జవాబు చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది ఇదే.

2. చనిపోయేది ఇళ్లు కాలినవాళ్లే కానక్కర్లేదు.

అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర 2010 జూన్ 20న షుల్ట్జ్ కార్చిచ్చు రేగి దాదాపు 15 వేల ఎకరాలు కాల్చింది. కింద కాలనీల ఇళ్లను మంట ముట్టుకోలేదు. హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా నెలకు, జూలై 20న, ముప్పావు గంట కురిసిన వానకు వరదొచ్చి పన్నెండేళ్ల పాప కొట్టుకుపోయింది. వరద చేరిన చాలా ఇళ్లకు వరద బీమా కూడా లేదు. అవి ముంపు ప్రాంతాలని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

2003లో దక్షిణ కాలిఫోర్నియాలో అడవులు కాలిన కొద్ది వారాలకే, క్రిస్మస్ రోజున, వాటర్‌మన్ లోయలోనూ దగ్గర్లోని మరో క్యాంపు స్థలంలోనూ కలిపి 16 మంది చనిపోయారు. పండగకని ఒకచోట చేరినవాళ్లే అందులో ఎక్కువమంది. కొలరాడోలో 2020లో కాలిన కామెరాన్ పీక్ ప్రాంతం నుంచి 2021 జూలైలో బురద వరద దిగి పూడర్ లోయలో నలుగురిని పొట్టన పెట్టుకుంది. కాలిన గుర్తు కనబడే చోటున్నవాళ్లు జాగ్రత్త పడతారు. మైళ్ల కింద పచ్చటి చెట్ల నీడలో, తలమీద వాన చుక్క కూడా లేని చోట ఉన్నవాళ్లకు ఏం తెలుస్తుంది? మా వాగు పక్కన అద్దెకుండేవాళ్లు, ఇసుక ఎత్తే కూలీలు, పశువులు తోలుకొచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆ మంటను కళ్లతో చూడనేలేదు.

ఖాళీ చేయించాల్సిన హద్దు గీయడంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మాంటెసీటోలో ఒక రోడ్డును హద్దుగా పెట్టి, పైవాళ్లు తప్పనిసరిగా వెళ్లాలన్నారు. కిందివాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలారు. చనిపోయినవాళ్లలో చాలామంది ఆ రోడ్డుకు కిందివాళ్లే. బురద దిగేది వాగు వెంట. దానికి రోడ్డు ఎక్కడుందో పట్టదు.

3. ఒక వానాకాలం గడిస్తే గండం గడిచినట్టు కాదు.

ఇది మాకు అన్నింటికంటే టెన్షన్ పెడుతున్న విషయం. ఎందుకంటే తాత్కాలిక ఏర్పాట్లన్నీ సాధారణంగా ఒక్క సీజన్‌కే ఉంటాయి. ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే 2019లో మ్యూజియం కార్చిచ్చు కాల్చిన కొండ ఉంది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ వానలు సరిగా పడలేదు. ఏం కాలేదు కదా అనిపించే పరిస్థితి. 2021 జూలైలో వానలు పడేసరికి వరద మళ్లీ మళ్లీ వీధుల్లోకి, ఇళ్లలోకి వచ్చింది. ఆ రెండేళ్లూ కొండ బాగుపడిందని కాదు. వాన పరీక్ష పెట్టలేదు, అంతే.

న్యూమెక్సికోలోని రుయిడోసో ఊరి పక్కన 2024 జూన్‌లో కొండలు కాలాయి. 2025 జూలై 8న అక్కడి చిన్న ఏరు 20 అడుగులు దాటి పొంగింది. ఇద్దరు చిన్నపిల్లలతో సహా ముగ్గురు చనిపోయారు. మంటకూ ఈ వరదకూ మధ్య ఏడాదికి పైగా తేడా ఉంది.

బురద ప్రవాహాల ముప్పు మొదటి రెండేళ్లలో ఎక్కువ. అందులోనూ మొదటి ఏడాది మరీ ఎక్కువ. గడ్డి, పొదలు లేచే కొద్దీ అది తగ్గుతుంది. అప్పుడు ఇంకోటి మొదలవుతుంది. చచ్చిన చెట్ల వేర్లు మెల్లగా కుళ్లి, మట్టిని పట్టి ఉంచే బిగువు పోతుంది. కొన్నేళ్ల తర్వాత ముసురు పట్టి వాన పడితే కొండచరియలు జారేది అందుకే. పైనుంచి పచ్చగా కనబడుతుంది కాబట్టి అప్పటికి అందరూ మరిచిపోయి ఉంటారు.

4. ప్రాణం దక్కినవాళ్లకూ దారి, నీళ్లు పోతాయి.

కొలరాడోలో గ్లెన్‌వుడ్ లోయ 2020 ఆగస్టులో కాలింది. మరుసటి ఏడాది జూలై చివర్లో బురద పడి, లోయలోంచి వెళ్లే పెద్ద హైవే రెండు వారాల పాటు మూతపడింది. ఒక రాత్రంతా వంద మందికి పైగా ప్రయాణికులు లోయలోనే చిక్కుకుపోయారు. అదే రాష్ట్రంలో 1996 మేలో బఫెలో క్రీక్ దగ్గర సుమారు 12 వేల ఎకరాలు కాలింది. జూలైలో వరదొచ్చి ఇద్దరు చనిపోయారు. ఆ మట్టి డెన్వర్ నగరానికి నీళ్లిచ్చే జలాశయంలోకి చేరింది. న్యూమెక్సికోలో లాస్ వేగస్ అని ఒక పట్టణం ఉంది, జూదానికి పేరుపడ్డది కాదు, ఇది వేరే. 2022లో అక్కడి కొండలు కాలాక నదిలోకి బూడిద దిగింది. వాళ్ల శుద్ధి కేంద్రం ఆ నీళ్లను తట్టుకోలేకపోయింది. 50 రోజులకు కూడా సరిపడా నీళ్లు లేవని అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

మా సంగతికొస్తే, ఉన్న ఒక్క రోడ్డూ వాగును రెండు చోట్ల దాటుతుంది. రెండూ చిన్న తూములే. ఒక దాంట్లో ఇప్పటికే కాలిన దుంగ అడ్డం పడి ఉంది. అది తీయమని చెప్పడానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో ఇప్పటికీ తెలీదు.

5. హెచ్చరిక పంపేవాళ్ల దగ్గర ఉంటుంది, అందాల్సినవాళ్లకు అందదు.

మంటలు వర్షమాపకాలను కాల్చేస్తాయి. కరెంటు స్తంభాలు, తీగలు, సెల్ టవర్‌కు వెళ్లే కేబుళ్లు కూడా పోతాయి. సరిగ్గా కావాల్సినప్పుడే కొండ గుడ్డిదీ మూగదీ అవుతుంది. రాడార్ ఉంది కదా అంటారు. రాడార్ కిరణానికి కొండ అడ్డమొస్తే వెనక లోయలో పడే వాన కనబడదు. దూరంగా ఉంటే కిరణం మేఘం పై భాగాన్ని చూసి వెళ్లిపోతుంది. మా లోయ మీద రాడార్ ఎంత ఎత్తు నుంచి చూస్తోందని రెండో ఉత్తరంలో అడిగాం. దానికీ జవాబు లేదు.

పోనీ హెచ్చరిక వచ్చిందనుకుందాం. అర్ధరాత్రి మూడింటికి సైలెంట్‌లో ఉన్న ఫోన్‌కు మెసేజ్ వస్తే లేచేదెవరు? అందులో "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని ఉంటే దానర్థం ఏమిటి? అప్రమత్తంగా ఉండటమంటే మేలుకుని కూర్చోవాలా, పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తాలా?

ఇవి మా భయాలు. ఇక మీరు చేయాల్సినవి రాస్తున్నాం. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు. అమెరికాలో వాతావరణ శాఖ, భూగర్భ పరిశోధన సంస్థ కలిసి 2005లోనే దక్షిణ కాలిఫోర్నియాలో కాలిన కొండల కోసం హెచ్చరిక వ్యవస్థ మొదలుపెట్టాయి. ఒకరి దగ్గర వాన లెక్క, ఇంకొకరి దగ్గర నేల లెక్క ఉన్నాయి. రెండూ ఒక బల్ల మీదికి వచ్చాయి.

1. మంట అదుపులోకి వచ్చిన వారం, పది రోజుల్లో ఏ వాలు ఎంత కాలిందో మ్యాపు వేయండి. సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి, లాండ్‌శాట్ జంట ఎనిమిది రోజులకోసారి తీసే చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. కాలక ముందు చిత్రాన్నీ కాలిన తర్వాత చిత్రాన్నీ పరారుణ కాంతిలో పోల్చి కాలిన తీవ్రతను లెక్కగట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పొగ, మబ్బు అడ్డం రాని రోజు దొరకగానే ఆ పని చేయాలి. అయితే ఉపగ్రహం చూసేది చెట్టును, మట్టిని కాదు. కాబట్టి పార పట్టుకుని కొండెక్కేవాళ్లు కూడా ఉండాలి. ఏ వాగులోకి ఏ కాలిన వాలు దిగుతుందో గీసి, ఆ మ్యాపును ఆఫీసు బీరువాలో కాకుండా అందరికీ కనబడేలా పెట్టండి.

2. వర్షమాపకాలు ఊళ్లో, ఆఫీసు డాబా మీద కాదు, కాలిన వాలు పైభాగాన పెట్టండి. కొన్ని నిమిషాలకోసారి లెక్క పంపేవి కావాలి. లోపల చిన్న తొట్టి నిండి తలకిందులైనప్పుడల్లా 0.2 మిల్లీమీటర్లు లెక్కపెట్టే రకం మామూలుగా దొరికేదే. పెట్టి వదిలేస్తే మాత్రం కుదరదు. గరాటులో బూడిద పేరుకుంటుంది, సాలీడు గూడు కడుతుంది, పిట్ట రెట్ట వేస్తుంది. అప్పుడు కుండపోతలో కూడా అది సున్నా చూపిస్తుంది. సున్నా చూసి నిశ్చింతగా ఉన్నవాళ్ల గతేమిటి? వారానికోసారి శుభ్రం చేసేవాళ్లెవరో పేరు పెట్టి అప్పజెప్పండి. మాలోనూ చేసేవాళ్లున్నారు, నేర్పిస్తే చాలు.

3. ఏ వాగుకు 15 నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు పడితే ప్రమాదమో ఒక అంకె చెప్పండి. మొదటి ఏడాది దాన్ని తక్కువలోనే పెట్టండి. వాన పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్లి వాగులో ఎంత మట్టి కదిలిందో చూసి, ఆ అంకెను సరిచేయండి. అన్ని కొండలకూ ఒకే అంకె పనిచేయదు. వాలు నిటారుగా ఉంటే ఒకటి, మట్టి ఇసుకపాలుగా ఉంటే ఇంకొకటి. ఇంకో చోట లెక్కను తెచ్చి ఇక్కడ అతికించవద్దు.

4. సైరన్ మోగించే అధికారం ఒక్కరికి ఇవ్వండి. ఆ మనిషి రాత్రి డ్యూటీలో కూడా ఉండాలి. పై అధికారి సంతకం కోసం, పక్క శాఖ అంగీకారం కోసం ఆగే పనైతే ఆ ఏర్పాటే దండగ. నిటారు కొండ కింద ఉన్నవాళ్లకు వాన మొదలైన తర్వాత దొరికేది నిమిషాలే. ఫైలు కదిలే వేగం మీకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే భారీ మేఘాలు వస్తున్నాయని తెలిసినప్పుడే, ఇంకా వాన పడకముందే, కొండకు అతి దగ్గరివాళ్లను తరలించే పద్ధతి కూడా ఉండాలి.

5. సైరన్ బ్యాటరీతో నడవాలి. అది ఒక రకంగా మోగితే సిద్ధంగా ఉండాలని, ఇంకో రకంగా మోగితే వెంటనే వెళ్లాలని ముందే అందరికీ తెలియాలి. వెళ్లడమంటే ఎటు? వాగు వెంట కిందికి కాదు, వాగుకు అడ్డంగా పక్కనున్న ఎత్తుకు. ఇది చాలామందికి తెలీదు, భయంలో రోడ్డు ఎటు ఉంటే అటే పరిగెడతారు. కాబట్టి వానలకు ముందు ఒకసారి పగలు, ఒకసారి రాత్రి డ్రిల్ పెట్టండి. నడవలేని పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను ఎత్తుకెళ్లేదెవరో రాసుకోవడం మేం చేస్తాం. ఇప్పటికే మొదలుపెట్టాం కూడా.

6. తూముల్లో, వంతెనల కింద పేరుకున్న దుంగలు, రాళ్లు వానకు ముందే తీయించండి. హెచ్చరిక ఉన్న రోజుల్లో వాగు దాటే రోడ్డుకు గేటు వేయండి. వాగులో పని, వాగు ఒడ్డున గుడారాలు ఆ రోజుల్లో ఆపించండి.

7. ఈ ఏర్పాట్లు కనీసం మూడు వానాకాలాలు ఉంటాయని రాతపూర్వకంగా చెప్పండి. తీసేయాలనుకున్నప్పుడు క్యాలెండర్ చూసి కాదు, కొండ చూసి తీసేయండి. అంటే మళ్లీ తవ్వి, నీళ్లు పోసి, మొక్క ఎంత లేచిందో కొలిచి. ఆ తర్వాత కూడా వేర్లు కుళ్లే వాలుల మీద ఏడాదికోసారి చూపు ఉండాలి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. సైరన్ మోగి, అందరం తడుస్తూ గుట్టెక్కి, తీరా వరద రాకపోతే జనం తిట్టుకుంటారని మీకు భయం ఉంటుంది. నిజమే, తిట్టుకుంటారు. మొదటిసారి ఎవరూ ఏమనరు. రెండోసారి సణుగుతారు. మూడోసారి కొందరు ఇంట్లోంచి కదలరు. దీనికి మందు సైరన్ ఆపడం కాదు. మోగించిన ప్రతిసారీ మరుసటి రోజే లెక్క బయటపెట్టండి: ఎంత పడుతుందనుకున్నాం, ఎంత పడింది, మేఘం ఎటు పోయింది, వాగులో ఎంత మట్టి దిగింది. పావుగంటలో నాలుగు మిల్లీమీటర్లు పడి ఆగిపోయింది, ఇంకో రెండు పడి ఉంటే బురద దిగేదేమో అని తెలిస్తే మనిషి నాలుగోసారి కూడా గుట్టెక్కుతాడు. లెక్క దాచిపెట్టి జనం మాట వినడం లేదంటే అది మాకు ఒప్పుదల కాదు.

డబ్బు సంగతి కూడా మీరు అనబోయే ముందే మేమే అంటాం. పై పనుల్లో సగానికి పెద్ద ఖర్చు లేదు. చిత్రాలు ఉచితం, పార మన దగ్గరే ఉంది, డ్రిల్‌కు కావాల్సింది ఒక పూట సమయం. డబ్బయ్యేవి వర్షమాపకాలు, సైరన్, రాత్రి డ్యూటీ మనిషి. ఇవి ఎందుకు కుదరవో, కుదరకపోతే మేం ఏం చేసుకోవాలో అదైనా చెప్పండి. లేదు అన్న జవాబు కూడా మాకు పనికొస్తుంది. మౌనాన్ని పెట్టుకుని మేం ఏ ఏర్పాటూ చేసుకోలేం.

ఈ ఉత్తరానికి 15 రోజుల్లో జవాబు కోరుతున్నాం. మూడు శాఖల నుంచి మూడు జవాబులు వద్దు. ముగ్గురూ కూర్చుని ఒకటే ఇవ్వండి, కింద ఒక అధికారి పేరు, రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఈలోగా ఆ తూములో అడ్డం పడిన దుంగను మేమే తీసే ప్రయత్నం చేస్తాం. తాళ్లు, మనుషులు ఉన్నారు. అది మీ పరిధిలోది కాబట్టి వద్దంటే ముందే చెప్పండి.

వానలు మొదలయ్యేలోపు ఒక్కరోజు కొండకు రండి. దారి మేం చూపిస్తాం. పార, నీళ్ల సీసా కూడా మేమే తెస్తాం.

ఇట్లు,
కాలిన కొండ కింద వాగు పక్కన ఉండేవాళ్ల తరఫున